ఒట్టు పెట్టించిన చెయ్యి

పోయిన వారం మనం సుందరాన్ని ఒక కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ అతనికి గడిచింది ఒక్క క్షణమే. ఎర్రమిట్టపల్లెలో శనివారం మధ్యాహ్నం, నాపబండలు పరిచిన ఇంట్లో, ఒళ్లో అట్ట పెట్టుకుని, కలం మూత తీస్తూ పెడుతూ అతనింకా అట్లాగే ఉన్నాడు.

ఆ కాగితం బెంగళూరు సెమినరీ వాళ్లది, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీది. బి.డి. ఫస్టు క్లాసులో ప్యాసై, పులివెందుల చర్చిలో ఏడాదిగా సహాయ పాస్టరుగా పనిచేస్తున్న సుందరానికి దైవశాస్త్రంలో పై డిగ్రీ, ఎం.టిహెచ్., చదివే అవకాశం వచ్చింది. ఒక్క శాఖే ఎంచుకోవాలి. సోమవారం జమ్మలమడుగు పోస్టాఫీసులో కాగితం పడాలి. తండ్రి యేసురత్నం, అంటే ఆ ఊరి చర్చి ఉపదేశి, పాత నిబంధన తీసుకో, హెబ్రీ నేర్చుకో అన్నాడు. చుట్టుపక్కల ఇరవై చర్చిల మీద పెత్తనం చేసే డీనరీ చైర్మన్ అయ్యగారు సంఘ చరిత్ర చదవమన్నాడు. మిషను వచ్చి నూట యాభై ఏళ్లు కావస్తున్నాయట, పండుగనాటికి పుస్తకం రాసేవాడు కావాలట. సుందరం మనసు మాత్రం కౌన్సెలింగ్ మీద ఉంది. ఏడాదిలో అతను తొమ్మిది సమాధి కార్యక్రమాలు జరిపించాడు. వాటిలో నాలుగు, ఊరి కక్షల్లో పోయినవాళ్లవి. ఆ తల్లుల ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, పాట అందుకుని గట్టెక్కిన రోజులున్నాయి అతనికి.

ముగ్గురికీ మూడు దారులు. చాలదన్నట్టు కాగితం అడుగున ఒక గడి. "అభ్యర్థి కుటుంబానికి సంఘంలో మంచి సాక్ష్యం ఉన్నదా?" చర్చి భాషలో సాక్ష్యం అంటే మంచి పేరు, మచ్చలేని నడవడి. ఊరి సంఘం తరఫున ఒకరు జవాబు రాసి సంతకం చెయ్యాలి. దాని కింద చైర్మన్ సంతకానికి ఇంకో ఖాళీ. కొడుక్కు తండ్రే కితాబు ఇవ్వడమేమిటని అడక్కండి. పాస్టరు నెలకోసారి మొదటి ఆదివారం వస్తాడు, మిగతా రోజుల్లో ఆ సంఘానికి కలమూ కాగితమూ ఉపదేశే. మూడు రోజులుగా యేసురత్నం ఆ గడి ముట్టుకోలేదు. తన మాట వినలేదని అలిగాడనుకున్నాడు కొడుకు. సరిగ్గా అప్పుడే కదా గడప దగ్గర సంతోషమ్మ కనబడింది, చేతిలో కోర్టు కాగితంతో!

ఆమె లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బండల మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“నాయనా సుందరం, పనిలో ఉండావా?”

“లేదత్తా. అమ్మ దువ్వూరికి పోయింది, అక్క కాన్పుకు. నీళ్లు తెస్తా ఉండు.”

“నీళ్లొద్దు. ఇది సూడు.”

సుందరం చదివాడు. వచ్చే గురువారం పదిన్నరకు ప్రొద్దుటూరు కోర్టులో సాక్షిగా హాజరు కావాలని సమన్లు. మృతుడి పేరు పేతురు. సంతోషమ్మ మొగుడు.

ఎనభై ఎనిమిది పంచాయతీ ఎన్నికల రోజున పేతురు ఒక వర్గం తరఫున బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికని బయటికొచ్చి, బడి వెనక వేటకొడవళ్లకు బలైపోయాడు. నరికింది ఎవరో ఊరందరికీ తెలుసు. చూశామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పోలీసు కాగితాల ప్రకారం నిందితుడు బంగళా రెడ్డి పదేళ్లు పరారీలో ఉన్నాడు. ఆ పదేళ్లూ ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆయనే ముందు నిలబడి చేయించాడు. ఆయన్ను పేరు పెట్టి పిలిచే అలవాటు ఎర్రమిట్టపల్లెలో లేదు. ఇప్పుడు తొంభై తొమ్మిది ఎన్నికలొచ్చాయి. పార్టీ టికెట్టు కావాలంటే మీద కేసు ఉండకూడదు. అందుకని తనంతట తానే లొంగిపోయి, బెయిలు మీద తిరిగొచ్చి, విచారణ తొందరగా కానిమ్మంటున్నాడు. సాక్షి లేని కేసు ఎన్నాళ్లు నిలుస్తుంది?

“సాక్షుల్లో నీ పేరుందత్తా. భార్యవి గదా, అందుకని వేసుంటారు,” అన్నాడు సుందరం.

“అది కానిస్టేబులు సదివి చెప్పినాడులే. నేనడగొచ్చింది ఏరే. నువ్వు బెంగుళూర్లో దేవుని గురించి పెద్ద సదువు సదవబోతాండావంట గదా. దేవుని మింద పెట్టిన ఒట్టు ఇప్పుకునే దావ ఏమన్నా ఉండాదా ఆ సదువులో?”

సుందరానికి ఇది చదివిన పాఠమే. నోటికి వచ్చినంత మర్యాదగా మొదలుపెట్టాడు. ధర్మశాస్త్రంలో మొక్కుబడి వేరు, ఒట్టు వేరు అన్నాడు. తెలిసి పెట్టింది వేరు, తొందరపాటున పెట్టింది వేరు అన్నాడు. కొందరు పండితులు ఒకలాగ, మరికొందరు ఇంకొకలాగ అంటారన్నాడు. సంతోషమ్మ రెప్ప వెయ్యకుండా వింది.

“పరీచ్చకు రాసేది కాదు నాయనా నేనడిగింది. ఇప్పచ్చునా, ఇప్పగూడదా?”

“మూలగ్రంథం చూసి చెప్పాల్సిన మాటత్తా అది. రెండేండ్లు చదివితే…”

“రెండేండ్లా?” అంది ఆమె. “నాకు గురువారమే గదా వాయిదా.”

సుందరానికి తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగేళ్లు చదివి, ఫస్టు క్లాసు తెచ్చుకుని, తనను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి ఒక్క మాట అడిగితే చెప్పలేకపోయాడు. ఆ సిగ్గు అతన్ని నిజంగానే కాల్చింది.

“ఏం ఒట్టత్తా అది?”

“నేను సూసినా సుందరం. బూతు కాడ ఉండే మనిసికి సంగటి ఎత్తుకపోతాంటి. బడి ఎనక నలుగురు పట్టుకోనుంటే బంగళా రెడ్డే నరికినాడు. నా కండ్లతో సూసినా.” గొంతు వణకలేదు. వణికే కాలం దాటిపోయినట్టుంది. “ఒట్టు పెట్టిచ్చినోల్లకు తప్ప ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పల్లా. చెప్పగూడదనే ఉండె. అయితే ఎనిమిది దినాల కింద ఆయప్ప, టికెట్టు రాకముందే, మా ఇంటికి ఓట్లడగను వచ్చినాడు. చేతులెత్తి దండం పెట్టినాడు. ‘ఏమక్కా, మీ ఇంటాయన కనపల్లేదే, యాడికి పోయినాడు’ అన్నాడు.”

సుందరం చేతిలో కాగితం కిందికి దిగింది.

“ఎగతాళికి కాదు నాయనా. నిజింగానే అడిగినాడు. ఎనకాలుండేటోడు చెవిలో ఏందో చెప్పినాడు. ‘ఓ, అట్లనా’ అనేసి పక్కింటికి పోయినాడు. సంపినోనికి సంపిన మనిసే గుర్తు లేడు. నాకు ఆ పొద్దు ఎత్తుకపోయిన గిన్నె మూత గూడా గుర్తుండాది. ఆ యాల్టి నుంచి నాకు ముద్ద దిగలే.”

“చూసినదానివి, చెప్పెయ్యి అత్తా. నేను తోడొస్తా.”

“ఎట్ల చెప్తా? చర్చిలో పెద్ద బైబిలు మింద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేపిచ్చినారు గదా, సచ్చేదాంక నోరిప్పనని.”

“ఎవరు?”

సంతోషమ్మ అతని మొహంలోకి వింతగా చూసింది. ఇతనికి తెలియదని ఆమె అనుకోలేదు.

“నీకు తెల్దా? మీ నాయనే.”

అప్పటికి సుందరానికి పదిహేనేళ్లు, జమ్మలమడుగులో హాస్టలు చదువు. సెలవులకు వచ్చేసరికి పేతురు మామ సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. అంతా అయిపోయిందనే అనుకున్నాడు. పెద్ద బైబిలు అంటే బలిపీఠం మీద ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని ముట్టుకోవాలంటే నాయన చేతులు కడుక్కుని వచ్చేవాడు.

గుమ్మంలో అలికిడైంది. రేపు మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆరాధన. గిన్నెలు తోమి, బల్లమీద పరిచే తెల్లగుడ్డ మడిచి చంకన పెట్టుకుని, యేసురత్నం చర్చి వైపునుంచి వచ్చి నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. ఆయన మొహం చూస్తే మాత్రం చాలా విన్నాడనే అనిపించింది.

“నిజమేనా నాయనా?”

యేసురత్నం గుడ్డను గూట్లో పెట్టాడు. తొందరేమీ పడలేదు. వచ్చి సంతోషమ్మకు ఎదురుగా బండలమీదే కూర్చున్నాడు.

“నిజమే రా.”

“ఒట్టే పెట్టుకోగూడదని ఏడాదికొగసారి ప్రసంగం చేస్తావు గదా! నువ్వే ఆడమనిషి చెయ్యి పట్టుకోని, మొగుడు పోయిన ఏ మూడో దినమో, బైబిలు మీద…” సుందరానికి మాట తెగిపోయింది. పుస్తకాల తెలుగంతా ఎటుపోయిందో, ఊరి మాటే నోట్లో మిగిలింది.

“మూడో దినం కాదు, రెండో దినం,” అంది సంతోషమ్మ.

యేసురత్నం తలూపాడు. “ఆ పొద్దు మాపటేల నలుగురొచ్చినారు. అరవల్లేదు, తిట్టల్లేదు. ‘ఉపదేశయ్యా, మీ పేటలో ఎన్నిండ్లుండాయి’ అన్నారు. ముప్పై రెండన్యా. ‘అన్నీ బోదకొట్టాలేనా’ అన్నారు. అన్నీ గడ్డి కప్పినవే అన్యా. ‘ఎండలు శానా ఉండాయి, జాగర్త’ అనేసి లేసిపోయినారు.” ఆయన అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. “ముప్పై రెండిండ్లు నిలబడినాయి రా. ఈ పదకొండేండ్లలో ఒగటి కాల్లేదు.”

“నిలబడినాయి,” అంది సంతోషమ్మ. “నేను కాదన్లా. నా ఇల్లు గూడా అందులో ఉండాది.”

సుందరానికి కోపం వచ్చింది. ఆ వెంటనే జాలి వచ్చింది. రెంటిలో ఏదీ రెండోదాన్ని పోగొట్టలేదు. ఇదే కథ పులివెందులలో ఎవరో చెప్పి ఉంటే ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి ఉండేవాడు. ఎదురుగా ఉన్నది తండ్రి కావడంతో ఆ నాలుగు మాటలూ రాలేదు.

“అందుకేనా సంతకం పెట్టకుండా ఉండావు?”

“ఏమని పెట్టేది?” అన్నాడు యేసురత్నం. “మంచి సాక్ష్యం ఉండాదని రాయల్లంట. ఊర్లో ఉండే ఒగ్గ సాక్ష్యాన్ని నోరు మూయిచ్చినోన్ని నేను. ఆ మాట నా చేతికి రాదు సుందరం. మూడు దినాల్నుంచి కలం పట్టుకుంటాండా, పెడ్తాండా.”

“హెబ్రీ? పాత నిబంధన తీసుకోమని పట్టు పట్టింది గూడా…”

“ఊ.” ముసలాయన నేల చూపు చూశాడు. “ఒట్టు అనే మాట యాడాడ వస్తుందో అన్నీ ఎతికినా. గుర్తులు పెట్టుకున్యా. ఈ సందున ఇప్పచ్చు అనిపిస్తుంది, ఆ పేజీ తిప్పితే ఇప్పగూడదు అనిపిస్తుంది. తెలుగులో దొరకలే. మూలభాషలో ఆ మాట ఏరేగా ఉంటుందేమో, నా కొడుకు సదివొచ్చి చెప్తాడేమో అనుకున్యా.”

మూడేళ్లుగా నాయన ఉత్తరాల్లో హెబ్రీ, హెబ్రీ అని రాస్తుంటే సుందరం స్నేహితులతో కలిసి నవ్వుకున్నాడు. బడి మెట్లెక్కని ఇంట్లోంచి వచ్చి ఉపదేశి అయినవాడికి కొడుకును పండితుణ్ని చెయ్యాలని ముచ్చట అనుకున్నాడు. ముచ్చట కాదు. మందు కోసం పంపడం అది. తెలిసిన ఆ క్షణంలో అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

“మూలభాష యాలయ్యా?” అంది సంతోషమ్మ. అంతవరకూ ఆమె వింటూనే ఉంది. “సంటిపిల్లోల్లు గూడా అంటారే, ఒట్టు తీసి గట్టున పెట్టినా అని. ఒట్టు పెట్టిచ్చినోల్లు నోరు తెరిసి ఆ మాటంటే సాలు, పోతాది. నేనొచ్చింది దానికే. ఈ అబ్బోన్ని అడిగింది, నువ్వు అంటావో అనవో అని భయమై. అను. ఈడనే అను. పోతా.”

ఆ మాట పిల్లలాటల్లో మాట. దాగుడుమూతల్లో, గోలీల్లో, అలిగి మాట్లాడుకోని పిల్లలు కలిసిపోయేటప్పుడు రోజుకు పదిసార్లు వినబడేది. ఇప్పుడు ఆ గదిలో దాన్ని విని ఎవరూ నవ్వలేదు. యేసురత్నం నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పేటలో ఇప్పుడు బోదకొట్టాలు లేవు, అన్నీ ప్రభుత్వం కట్టించిన ఇళ్లే. అయినా ముప్పై రెండు గడపలూ ఆయన కళ్లముందు నిలబడినట్టున్నాయి.

సుందరం కాగితం దగ్గరికి లాక్కున్నాడు. శాఖ అని ఉన్న చోట, ఆపకుండా, పెద్ద అక్షరాలతో రాసి తండ్రి వైపు తిప్పాడు. క్రైస్తవ నీతిశాస్త్రం. ఆ పేరు ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

“ఇదేంది రా? నేను చెప్పింది కాదు, చైర్మనయ్య చెప్పింది కాదు. నువ్వనుకున్యది గూడా కాదే.”

“కాదు నాయనా. పోయినోల్ల కోసం ఏడ్సేటోల్లకు ఏం చెప్పల్ల అనే నేననుకుంటాంటి. భయపడిన మనిషి ఆ పొద్దు ఏం చెయ్యల్ల, ఏం చెయ్యగూడదు, చేసినాక ఎట్ల దిద్దుకోవల్ల, అది మనకెవరూ చెప్పలే. నాకు తెలిస్తే ఇందాక అత్తకు చెప్పుంటా. అది నేర్చుకోనొస్తా.” కలం మూత పెట్టాడు. “హెబ్రీలో నీకు దావ దొరకదు. దేవుని పేరు చెప్పి నిజాన్ని పూడ్చమంటే అది ఒట్టే కాదు, నా మటుకు నాకిప్పుడు తెలిసిపోయింది. అయినా నేనంటే అత్త మనసు ఒప్పదు. నువ్వనల్ల. ఈడ కాదు. పెట్టిచ్చింది చర్చిలో గదా, రేపు ఆరాధనలో, అందరి ముందర, ఆ బైబిలు కాడ నిలబడి అను.”

“అందరి ముందరా?”

“ముప్పై రెండిండ్లకు తెలిసే అను. వాళ్ల ఇండ్ల కోసం ఈమె ఏం మింగిందో వాళ్లు గూడా తెలుసుకోవల్ల గదా.”

బయట రోడ్డు మీద ప్రచారపు జీపు మైకులో ఏదో అరుచుకుంటూ పోయింది. ముగ్గురూ అది దాటేదాకా ఆగారు. అలవాటు అది, ఎన్నికలప్పుడు ఆ ఊళ్లో ఎవరైనా అట్లాగే ఆగుతారు.

“ఆమె ఒట్టు నేను తీస్తా. సంపినా సరే తీస్తా,” అన్నాడు యేసురత్నం. “కానీ అది తీస్తే సాలదు రా. ఆమె ఒగతే పోదు ప్రొద్దుటూరికి. నేను గూడా పోవల్ల.”

“తోడుకా? నేను పోతా లే నాయనా.”

“తోడుకు కాదు.” ముసలాయన కుడిచెయ్యి ఎత్తి, తనది కానట్టు చూసుకున్నాడు. “ఆ బైబిలు మింద ఆమె కంటే ముందర పడిన చెయ్యి ఇది. ఆ మద్యానం ఓటేసి వస్తా బడి గోడ ఎనక నిలబడుకోనుంటి. పేతురు నా పేరే పిల్సినాడు. ‘ఉపదేశయ్యా’ అని పిల్సినాడు. నేను గోడకు ఆనుకోని కూర్సుండిపోతి.”

సుందరం సంతోషమ్మ వైపు చూడలేకపోయాడు. చూడక తప్పలేదు. ఆమె ఏడవలేదు. మొహంలో రంగు మాత్రం పోయింది.

“నువ్వు సూసినావా,” అంది. అడిగినట్టు లేదు. “ఆ పిలుపు నాకూ ఇనపడింది, మాట తెలీలే. ఎవుర్నో పిలుస్తాండాడు, ఆ మనిసి వస్తే బాగుండు అనుకున్యా. పదకొండేండ్లు ఈ ఊర్లో సూసిన కండ్లు నావొగటే అనుకోని బతికినా నేను. పిచ్చిదాన్నేమో, నేను సూసింది నిజిం కాదేమో అని గూడా అనుకున్యా కొన్నాల్లు. ప్రతి ఆదారం నీ ముందర కూర్చుంటి గదా యేసురత్నం! నువ్వు పరిసిన బల్ల కాడ రొట్టె తింటి గదా! నువ్వు గూడా సూసినావని ఒగ్గ మాట నా చెవిలో ఏసుంటే ఏం పాయ?”

ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. యేసురత్నం తల దించుకున్నాడు.

“నీతో ఎవరు పెట్టిచ్చినారు నాయనా?” అన్నాడు సుందరం. “ఈ ఊరి సంఘంలో నీకంటే పైన ఎవరూ లేరు. నీ ఒట్టు ఎవరు తియ్యల్ల?”

“అప్పట్లో మనకు జమ్మలమడుగు నుంచి వచ్చే పాస్టరయ్య, ఇప్పటి చైర్మనయ్య. పేటను కాపాడే దావ ఇదొగటే అన్యాడు. ముందు నువ్వు పెట్టు, ఆనక ఆమెతో పెట్టిచ్చు అన్యాడు. ఆయనకూ భయమే రా, తప్పు పట్టను.” యేసురత్నం కాగితం మీద చైర్మన్ సంతకం చెయ్యాల్సిన ఖాళీ చోటు చూపించాడు. “రేపు పాస్టరు బదులు ఆరాధన జరిపించను వచ్చేదీ ఆయనే. నిన్ను సదువుకు పంపిచ్చల్లనో వద్దో సంతకం పెట్టేదీ ఆయనే.”

సుందరానికి లెక్క అర్థమైంది. రేపు చర్చిలో నాయన నోరు తెరిస్తే చైర్మనయ్య పేరు బయటికి రాక తప్పదు. వచ్చాక ఆ చోట సంతకం పడదు. నీతిశాస్త్రం అని తను రాసి ఇంకా పావుగంట కాలేదు.

సంతోషమ్మ లేచి నిలబడింది. సమన్ల కాగితం నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడి వేసుకుంది.

“రేపు ఆరాధనకు నేను గూడా వస్తా. ముందర వరసలో కూర్చుంటా. మీలో ఎవురు ఒట్టు తీస్తారో, ఎవురు తలొంచుకుంటారో సూస్తా. ఎవురూ తియ్యకపోయినా గురువారం పొద్దున్నే బస్సెక్కేది ఎక్కేదే. ఒట్టు మింద ఉండంగానే బోనెక్కి, సూసింది సూసినట్టు చెప్పేస్తా.” గడప దాటి, వెనక్కి తిరిగింది. “ఆ పాపం ఎవురి నెత్తిన పడుతుందో, అది మాత్రం చైర్మనయ్యను గూడా కలుపుకోని మీరు ముగ్గురూ కూర్సోని సదువుకోండి.”